గట్టు మీద పెట్టని ఒట్టు

మా ఊళ్లో ఎన్నికలు వచ్చాయని మైకు చెప్పక్కర్లేదు, పళ్లెం చెబుతుంది. స్టీలు పళ్లెం. అందులో పసుపు నీళ్ల గిన్నె, రెండు అరటిపళ్లు, వెలిగించిన దీపం, పక్కన మైసమ్మ ఫొటో. నలుగురు మగవాళ్లు దాన్ని పట్టుకుని గల్లీ గల్లీ తిరుగుతారు. పసుపు నీళ్లలో చెయ్యి ముంచి, ఫొటో మీద పెట్టి, ఫలానా గుర్తుకే ఓటు వేస్తానని ఒట్టు వేయాలి. మజీదు గల్లీకి వేరే ఏర్పాటు ఉంటుంది, చర్చికి వెళ్లేవాళ్లకు ఇంకొకటి. నేను బళ్లో ఏళ్ల తరబడి సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని. అన్ని మతాలనూ సమానంగా చూడాలని పిల్లల చేత ఎన్నిసార్లు రాయించానో నాకే తెలియదు. అది తు.చ. తప్పకుండా అమలైంది మాత్రం ఈ పళ్లెం దగ్గరే.

మొన్న ఆ పళ్లెం మళ్లీ మా గల్లీలోకి వచ్చింది. అప్పటినుంచి నాకు అవ్వ తప్ప ఇంకేమీ గుర్తుకు రావడం లేదు.

ఆవిడ పేరు చెప్పను. గల్లీలో ఎవరూ పేరుతో పిలవలేదు కూడా. పెద్దవాళ్లకూ చిన్నవాళ్లకూ అవ్వే. కాజీపల్లి నుంచి జిన్నారం వెళ్లే దారిలో, మందుల కంపెనీల ప్రహరీల వెనక ఉంటుంది మా గల్లీ. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక స్థలం చవగ్గా దొరికిందని మురిసిపోయి ఇల్లు కట్టాడు. ఎందుకంత చవకో బోరు వేయించిన రోజు తెలిసింది. నీళ్లు డికాక్షన్ రంగులో వచ్చాయి. సర్కారు నల్లా ఉంది గాని మాది చివరి గల్లీ, నీళ్లు ఇక్కడిదాకా రావు. మా బతుకంతా ట్యాంకరు మీదే. ఆ ట్యాంకర్లన్నీ ఒకాయనవి. ఊరంతా ఆయన్ని ట్యాంకరన్న అంటుంది. నీళ్లు తెచ్చేవి నీలం రంగు బళ్లు. కంపెనీల మురుగు మోసేవి వేరే ఉన్నాయి, అవీ ఆయనవే. ఆ మురుగు శుద్ధి చేసేచోటికి పోవాలి. దారిలోనే వాగులోకి పోతుందని ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

అవ్వ ఒక కంపెనీ క్యాంటీనులో గిన్నెలు తోమేది. సోడా నీళ్లకు అరచేతులు పగిలి ఉండేవి. రోడ్డుకు నట్టనడుమ నడిచేది. వెనక లారీ ఎంత హారను కొట్టినా పక్కకు జరిగేది కాదు. "తొవ్వ నాది గూడ గద," అనేది. నడుముకు ఇంత తాళంచెవుల గుత్తి వేలాడేది. ఒక్కటీ తనవి కావు. మా గల్లీలో ఒడిశా వాళ్లు, బీహారు వాళ్లు ఒక్కో గదిలో ఆరుగురు ఏడుగురు ఉంటారు. ఒకరు షిఫ్టు దిగితే ఒకరు ఎక్కుతారు. ఎవరు ఎప్పుడొస్తారో తెలియదు కాబట్టి చాబీలన్నీ ఆవిడ దగ్గరే పెట్టేవాళ్లు. వాళ్ల హిందీ ఆవిడకు రాదు, ఆవిడ తెలుగు వాళ్లకు రాదు. చాబీ మాత్రం ఎప్పుడూ తప్పు గదికి పోలేదు.

ఆవిడతో మాట్లాడటం ఒక యాతన. "రేపు వస్తావా అవ్వా" అంటే అందరిలా "వస్త" అనదు. "సూస్త" అంటుంది. వస్తానని అన్నదంటే జ్వరమొచ్చినా వచ్చి నిలబడుతుంది. పెళ్లిలో భోజనం ఎలా ఉందని పెళ్లికూతురు తండ్రి మర్యాదకు అడిగితే, "పప్పు మాడింది బిడ్డా" అని చెప్పేసి వచ్చిన మనిషి. పిల్లలు ఆటల్లో "అమ్మతోడు, దేవునితోడు" అంటే చాలు, చీపురు పట్టుకుని బయటికి వచ్చేది. "తియ్. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు," అని వాళ్ల చేత మూడుసార్లు అనిపించిగాని ఆట సాగనిచ్చేది కాదు. పిల్లలకు అదో వేడుక. ఆవిడ బయటికి రావాలనే ఒట్లు వేసేవాళ్లు.

కిందటి సర్పంచ్ ఎన్నికల్లో ట్యాంకరన్న నిలబడ్డాడు. ఆయన మీద నా దగ్గర చదువుకున్న పిల్ల నిలబడింది. కంపెనీ ల్యాబులో పని చేస్తూ, వాగు నీళ్లు సీసాలో పట్టుకెళ్లి అక్కడే పరీక్ష చేసి, ఆ కాగితం తీసుకెళ్లి మేనేజరు ముందు పెట్టి, సాయంత్రానికల్లా ఉద్యోగం పోగొట్టుకున్న పిల్ల. తను గెలిస్తే మురుగు బళ్లను ఊళ్లోకి రానివ్వకుండా పంచాయతీ తీర్మానం చేయిస్తానంది. నల్లా పైపు మా గల్లీ దాకా సరిగ్గా వేయిస్తానంది. నేను ఆ పిల్ల వెనక ఇల్లిల్లూ తిరిగాను. మా గల్లీలో ఓట్లు ఎటు పడతాయోనని నాకు బెంగ లేదు. అవ్వ బర్రెలు రెండూ వాగు నీళ్లు తాగి నురగలు కక్కి చచ్చిన సంగతి ఇంకా ఎవరూ మరచిపోలేదు.

అప్పుడు పళ్లెం వచ్చింది. ప్రహరీ గోడ పక్కన మైసమ్మ రాయి దగ్గర గల్లీ మొత్తాన్నీ నిలబెట్టారు. ట్యాంకరన్న స్వయంగా వచ్చాడు. ఒట్టు వేయనివాళ్లు ఒక్కరున్నా రేపటినుంచి ఈ గల్లీకి బండి రాదని నవ్వుతూనే చెప్పాడు.

మనవాళ్ల తెలివి చూడాలి. ఒకావిడ ఎడమ చెయ్యి పెట్టింది. ఒకాయన చెప్పులు విప్పకుండా ఒట్టేశాడు, చెప్పులతో వేసింది లెక్కలోకి రాదట. కిరాణా కొట్టాయన "వేస్తా, వేస్తా" అన్నాడు గాని ఎవరికో చెప్పలేదు. నేను కుడి చెయ్యే పెట్టాను, గుర్తు పేరు కూడా చెప్పాను. నాకు దేవుళ్లతో పేచీ లేదు, ఉన్నారని నమ్మితే కదా. ఇంటికొచ్చి సబ్బుతో చెయ్యి కడుక్కున్నాను, అంతటితో సరి.

అవ్వ అందరికన్నా చివర నిలబడింది. "ఏయకపోతే నీళ్లు బంద్ అంటవా?" అని అడిగింది.

"నేనంటలేనవ్వా. డీజిలు ఖర్చులున్నయ్ గద," అన్నాడు ట్యాంకరన్న.

ఆవిడ వెనక్కి తిరిగి వరసగా ఉన్న బిందెల్ని చూసింది. ఇంట్లో కోడలు పచ్చి బాలింత. చెప్పులు విప్పింది. కొంగు తల మీదికి లాక్కుంది. చెయ్యి పసుపు నీళ్లలో మణికట్టు దాకా ముంచి, మైసమ్మ ఫొటో మీద పెట్టి, ఆయన గుర్తు పేరు గల్లీ చివరిదాకా వినబడేట్టు చెప్పి, "నా ఓటు గీయనకే ఏస్త" అంది. కళ్లు మూసుకోలేదు. ఫొటో వైపే చూస్తూ చెప్పింది.

పోలింగుకు ముందు రోజు సాయంత్రం మా అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను. కుర్చీ వేసినా మెట్టు మీదే కూర్చుంది.

"రేపు ఎవరికి వేస్తావు అవ్వా?"

"ఒట్టేసిన గద."

"నీ బర్రెల్ని చంపింది ఎవరు?"

"గాయన లారీలే."

"మరి?"

"బర్రెలు సచ్చినప్పుడు ఒట్టేయలే టీచరమ్మా. మొన్న ఏసిన."

నాకు ఒళ్లు మండింది. "బెదిరించి వేయించుకున్నది ఒట్టు కాదు అవ్వా. ఏ చట్టమూ ఒప్పుకోదు. పిల్లలకు నువ్వే చెబుతావుగా, తీసి గట్టు మీద పెట్టమని. నువ్వూ పెట్టు."

"యే గట్టు మీద పెట్టాలె? గట్లన్ని ప్లాట్లయినయ్," అంది, నవ్వకుండా. "పిల్లలు తెల్వక ఏస్తరు. తీయొచ్చు. నేను తెలిసి ఏసిన."

"ఉత్త మాటే కదా అది."

"ఉత్త మాటనే. నా తాన ఇంకేమున్నది చెప్పు. భూమి పాయె, బర్రెలు పాయె. ఇగ గీ మాట గూడ పోతే, గా పిలగాండ్లు నాకు చాబీలు ఎందుకిస్తరు?"

నేను చాలాసేపు వాదించాను. రాజ్యాంగం అన్నాను, రహస్య ఓటు ఎందుకు పెట్టారో చెప్పాను, ఆ పిల్ల గెలిస్తే నీ మనవరాలు మంచి నీళ్లు తాగుతుందన్నాను. ఆవిడ అన్నిటికీ తలూపింది. ఒక్కటీ కాదనలేదు. లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పిందంత నిజమే బిడ్డా. గా పిల్లనే మంచిది," అని వెళ్లిపోయింది. మర్నాడు వెళ్లి ట్యాంకరన్నకు వేసింది.

అంతటితో పోతే బాగుండేది. పోలింగు లైన్లో ఆడవాళ్లు, నువ్వెవరికి వేస్తావవ్వా అని అడిగారు. అబద్ధం చెప్పడం రాని మనిషి కదా, చెప్పేసింది. అమ్మవారి మీద ఎడమ చెయ్యి పెట్టి తప్పించుకున్నామనుకున్న వాళ్లందరికీ గుండెల్లో రాయి పడింది. అవ్వే మాట తప్పకపోతే మనమెట్లా తప్పుతాం అనుకున్నారు. ల్యాబు పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ ఓట్లు మా గల్లీవే. నేను అవ్వతో మాట్లాడటం మానేశాను. ఎదురొస్తే తల తిప్పుకునేదాన్ని. ఆవిడ మాత్రం ఎప్పటిలాగే, "తిన్నవా టీచరమ్మా" అని అడిగి, నా జవాబు కోసం నిలబడి, రాకపోతే వెళ్లిపోయేది.

నీతి లేకపోతే ప్రజల రాజ్యం నిలవదని పాఠం చెప్పేదాన్ని. మా గల్లీలో ట్యాంకరన్నకు పనికొచ్చింది నీతి ఉన్న ఆ ఒక్క మనిషే. మాట మీద నిలబడని మాలాంటి వాళ్లతో ఆయనకు ఏ ఉపయోగమూ లేదు. ఈ ముక్క ఏ పాఠంలో ఇరికించాలో నాకు అర్థం కాలేదు.

కొత్త సర్పంచ్ ప్రమాణ స్వీకారానికి అవ్వ వెళ్లింది. క్యాంటీనుకు సెలవు పెట్టి మరీ వెళ్లి ముందు వరసలో నిలబడింది. ట్యాంకరన్న దైవసాక్షిగా అంటూ కాగితం చూసి చదువుతుంటే, గుడిలో మంత్రం విన్నట్టు చేతులు కట్టుకుని విన్నది. దండలు వేయడానికి జనం తోసుకుంటుంటే ఆవిడ ఇంటికి వచ్చేసింది.

మరుసటి ఎండాకాలంలో మురుగు బండి క్లీనరు ఒకతను చనిపోయాడు. ఒడిశా మనిషి, మా గల్లీలోనే గది. తెల్లారుజామున వాగు గట్టున ట్యాంకరు వాల్వు విప్పుతుంటే వచ్చిన ఆవిరికి అక్కడే కూలిపోయాడని అందరూ గుసగుసలాడుకున్నారు. ట్యాంకరన్న మనుషులు చెప్పింది వేరు. తాగి వాగులో పడ్డాడని, అసలు ఆ రోజు బండి బయటికే తీయలేదని. పళ్లెం మళ్లీ వచ్చింది. బండిని చూడలేదని గల్లీ మొత్తం చేత ఒట్టు వేయించారు. అప్పుడు అవ్వ క్యాంటీనులో ఉంది.

పంచాయతీ ఆఫీసులో విచారణ పెట్టారు. ఒక అధికారి, పోలీసులు, పక్కన కుర్చీలో సర్పంచ్. నేనూ వెళ్లాను గాని నేను బండిని చూడలేదు, చెప్పడానికి ఏమీ లేదు. చూసినవాళ్లు నేల చూపులు చూస్తున్నారు. అవ్వ గుత్తిలోంచి ఒక చాబీ వేరుచేసి పట్టుకుని ముందుకు వచ్చింది.

"పొద్దుగాల గీ చాబీ నాకిచ్చి పోయిండు సారూ. తాగలే. నాతోని ఛాయ్ తాగిండు. బండి మా ముందటనే ఆగింది, ఎక్కిండు. నేను సూసిన."

ట్యాంకరన్న కుర్చీలో ముందుకు వంగాడు. గొంతు పెంచలేదు. "అవ్వా, మైసమ్మ మీద నాకు ఒట్టేసినవ్. యాదున్నదా?"

"ఉన్నది. ఓటేస్తనని ఒట్టేసిన, ఏసిన. నోరు మూసుకుంటనని ఏయలే." ఆగి మళ్లీ అంది. "నువ్వు గూడ ఏసినవ్ గద కొడుకా, గీ కుర్చీల కూసునే దినం. దేవుని మీద, అందరి ముందట. నేను ఇన్న. నాది నేను తీర్సుకున్న. నీది ఏమాయె?"

అధికారి రాసుకుంటున్న పెన్ను ఆపి మళ్లీ రాసుకున్నాడు. ఆ రోజు నాకు ఆవిడ మీద ఉన్న కోపమంతా పోయిందని చెప్పలేను. సగం పోయింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది. ఆవిడ ఆ ఓటు వేయకపోతే ఆయన ఆ కుర్చీలో ఉండేవాడు కాదు, ఆ క్లీనరు ఆ తెల్లారుజామున బండెక్కేవాడు కాదు. ఈ మాట ఆవిడతో కూడా అన్నాను. "నిజమే బిడ్డా," అంది. దాని గురించి మళ్లీ ఎప్పుడూ నాతో ఎత్తలేదు. చనిపోయినతని చాబీని మాత్రం గుత్తి నుంచి తీయలేదు. ఆ గదికి కొత్తవాళ్లు వచ్చి తాళం మార్చుకున్నా తీయలేదు.

కేసు ఏమైందని అడగకండి. ఏమీ కాలేదు. మా గల్లీకి మాత్రం ట్యాంకరు ఆగిపోయింది.

మొదటి రోజు గొడవ పడ్డారు. తర్వాత గొడవ కూడా పడలేదు. ఆడవాళ్లు ఖాళీ బిందెలు తెచ్చి అవ్వ వాకిట్లో పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయేవాళ్లు. కోడలు పసిపిల్లను ఎత్తుకుని చిట్కుల్‌లో పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్తూ తన బిందె కూడా ఆ వరసలోనే పెట్టింది. కొడుకు ఆమె వెంటే వెళ్లాడు. అవ్వ షిఫ్టు దిగి వచ్చి, ఆ బిందెల్ని ఒక్కొక్కటే నెత్తిన పెట్టుకుని మెయిన్ రోడ్డు అవతల, నీళ్లు తెల్లగా వచ్చే దర్గా బోరు దగ్గరికి వెళ్లి, నింపుకొచ్చి ఎవరి గుమ్మం ముందు వాళ్లది పెట్టేది. లారీలు హారన్లు కొట్టేవి. ఈవిడ పక్కకు జరిగేది కాదు. నేను డబ్బాల నీళ్లు కొనుక్కున్నాను. ఎందుకవ్వా ఈ చాకిరీ అంటే, "నా మాటకు నేనే మొయ్యాలె గద," అనేది.

కాళ్లు వాచాయి, మొహం వాచింది, మంచం పట్టింది, పోయింది. ఊరి వాళ్లు చాలామంది పోయినట్టే పోయింది.

ఆవిడ పోయిన రోజు పొద్దున్నే మా గల్లీలోకి నీలం ట్యాంకరు వచ్చింది. స్నానం చేయించడానికి నీళ్లు సర్పంచ్ పంపించాడు. దాంతోపాటే ఒక ఫ్లెక్సీ కూడా పంపాడు, అవ్వ ఫొటో పెద్దది, కింద నమస్కారం పెడుతూ ఆయన ఫొటో. అవ్వకు క్యాంటీను గుర్తింపు కార్డు తప్ప ఇంకో ఫొటో లేదు, దాన్నే పెద్దది చేయించారు. ట్యాంకరు మర్నాడు కూడా వచ్చింది. ఇగ రోజూ వస్తదని డ్రైవరు చెప్పాడు. ఆడవాళ్లు ఏడుస్తూనే బిందెలు పట్టుకున్నారు.

ఇప్పుడు మళ్లీ ఎన్నికలు. సీటు ఆడవాళ్లకు వచ్చింది, ట్యాంకరన్న భార్యను నిలబెట్టాడు. నా ల్యాబు పిల్ల మళ్లీ నిలబడింది. నేను మళ్లీ ఇల్లిల్లూ తిరిగాను. ఈసారి తెలివిగా ముందే చెప్పాను: పళ్లెం వస్తే చెయ్యి పెట్టండి, ఒట్టు వేయండి, నీళ్లు తెచ్చుకోండి, లోపలికి వెళ్లాక మీ ఇష్టం, అది ఉత్త మాటే.

పళ్లెం నా గేటు దగ్గర ఆగింది. పట్టుకున్నది ట్యాంకరన్న తమ్ముడు. నేను అప్పటికే చెయ్యి చాచి ఉన్నాను. పసుపు నీళ్లలో వేళ్లు ముంచాక చూశాను. దీపం పక్కన మైసమ్మ ఫొటో లేదు. క్యాంటీను కార్డులోని అవ్వ ఉంది, చిన్న ఫ్రేములో, బొట్టు పెట్టి, దండ వేసి.

"అమ్మవారి మీద ఒట్లు ఉత్తవే అయితున్నయ్ టీచర్," అన్నాడతను మర్యాదగానే. "అవ్వ మీద ఏస్తే గీ గల్లీల ఎవలు తప్పరు. అందరు ఏసిన్రు. మీరే ఉన్నరు."

నా వేళ్ల నుంచి పసుపు నీళ్లు పళ్లెంలోకి కారుతున్నాయి. దేవత మీద నేను ఎన్ని అబద్ధాలైనా ఆడగలను. ఆవిడ ఉందో లేదో నాకు తెలియదు. అవ్వ ఉండేదని నాకు తెలుసు.

"ఆ ఫొటో తీసి మైసమ్మది పెట్టుకుని రా, వేస్తాను," అన్నాను.

"గట్ల కాదు టీచర్."

"అయితే వేయను."

అతను గొడవ పెట్టుకోలేదు. పళ్లెం సర్దుకుని వెళ్లిపోయాడు. మర్నాడు ట్యాంకరు రాలేదు.

ఈ పొద్దున తలుపు తీసేసరికి నా గేటు ముందు బిందెలు ఉన్నాయి. గేటు నుంచి మూల మలుపు దాకా వరసగా. ఎవరూ తిట్టలేదు. అవ్వ కోడలు, ట్యాంకరు మళ్లీ మొదలయ్యాక పుట్టింటి నుంచి తిరిగొచ్చిన మనిషి, అప్పుడే తన బిందె తెచ్చి చివర్లో పెడుతోంది. కూతురు ఆమె కొంగు పట్టుకుని నిలబడింది.

"ఉత్త మాటే గద టీచరమ్మా," అంది కోడలు. "మొన్న మీరే చెప్పిన్రు."

ఆదివారం పోలింగు. నా ఓటు నాదే, ఎవరికీ ఒట్టు వేయలేదు. గల్లీలో మిగతావాళ్లందరూ అవ్వ మీద వేశారు. వాళ్లు తప్పరు.

చెప్పులు వేసుకుని గేటు తీశాను. మొదటి బిందె ఎత్తి చంకన పెట్టుకున్నాను, నెత్తిన మోయడం నాకు రాదు. మెయిన్ రోడ్డు దాటుతుంటే వెనక లారీ హారను కొట్టింది. పక్కకు జరిగాను. దర్గా బోరు దగ్గర అప్పటికే చాలామంది లైన్లో ఉన్నారు.